గ్వాంగ్‌జౌ చీషీ ప్యాకేజీ: ఊరికి నూటికి తొంభై, ప్యాకేజీకి ముప్పై

ముందే చెప్పేస్తున్నాను, ఓపిక లేనివాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోవచ్చు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉంటున్న మనవాళ్లూ, ఆగస్టులో సరుకు కొనడానికి ఇటు వచ్చేవాళ్లూ చీషీ అనే చైనా పండగ రోజుల్లో ఈ నగరంలోనే ఉన్న జూత్సున్ అనే పాత ఊరు తప్పకుండా చూడండి. దానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు, టికెట్ కూడా లేదు. ‘చైనా వాలెంటైన్స్ డే స్పెషల్’ అని గులాబీ రంగు పోస్టర్లేసి అమ్మే టూర్లు మాత్రం, ఆ ఊరు అందులో ఉన్నా సరే, పెట్టిన డబ్బుకి న్యాయం చేయవు. మేం 2025 ఆగస్టు 29న, అంటే సరిగ్గా పండగ రోజున, అలాంటి ఒక టూర్‌లో వెళ్లొచ్చాం. కంపెనీ పేరు రాయను. చిన్న కంపెనీ, అందులో పనిచేసే పిల్లల ఉద్యోగాల మీదికి తేవడం నాకిష్టం లేదు, పైగా చీషీ వస్తే ఇలాంటివి ఇక్కడ సవాలక్ష మంది అమ్ముతారు, పేర్లు వేరైనా లోపల సరుకు ఒకటే.

మా ఆయనది ఇక్కడ బట్టల ఎగుమతి పని. మాది నర్సాపురం. ఊరి పేరు ఎందుకు చెప్తున్నానంటే, లేసు అల్లే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చేతిపని ఎక్కడ కనపడినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూసే అలవాటు నాది. ముందువైపు ఎవరైనా అందంగా చేస్తారు, ముడులు ఎక్కడ దాచారో వెనకవైపు చెప్తుంది. జూత్సున్‌కి ఇచ్చిన మార్కులు ఆ చూపుతో ఇచ్చినవే, కాబట్టి మీకు కుట్లూ అల్లికలూ అంటే ఆసక్తి లేకపోతే ఓ పది మార్కులు తగ్గించుకుని చదవండి.

ప్యాకేజీ రేటు తలా 520 యువాన్లు, మన డబ్బుల్లో ఆరు వేల పైమాటే. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. చైనీస్‌లో 520 ని గబగబా పలికితే ‘ఐ లవ్ యూ’ అన్నట్టు వినిపిస్తుందట, అందుకని ప్రేమ పేరు చెప్పి అమ్మే ప్రతిదానికీ ఇదే రేటు. ఈ డబ్బుకి వాళ్లు ఇస్తామన్నవి: మధ్యాహ్నం ఏసీ బస్సు, గైడ్‌తో జూత్సున్, తర్వాత సూదిలో దారం ఎక్కించే పోటీ, పండగ బిస్కెట్ల తయారీ క్లాసు, రాత్రి టెర్రస్ మీద నక్షత్రాలు చూడటం, క్యాండిల్ లైట్ డిన్నర్. కాగితం మీద చూస్తే బాగానే ఉంది.

పండగ సంగతి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. చైనా పంచాంగంలో ఏడో నెల ఏడో రోజున వస్తుంది. పై లోకంలో బట్టలు నేసే జిన్యూ, భూమ్మీద పశువులు కాసుకునే న్యూలాంగ్ పెళ్లి చేసుకుంటారు, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల పుడతారు. సంగతి తెలిసి దేవలోకపు మహారాణి జిన్యూని వెనక్కి లాక్కుపోతుంది. చచ్చిపోయిన తన ఎద్దు తోలు కప్పుకుని, పిల్లలిద్దర్నీ కావడిలో కూచోబెట్టుకుని న్యూలాంగ్ ఆకాశానికి ఎగిరి వెంటపడితే, మహారాణి జడలోంచి పిన్ను తీసి ఒక గీత గీస్తుంది, అదే పాలపుంత. అటు ఒకరు, ఇటు ఒకరు. ఏడాదికి ఒక్క రాత్రి నలుపు తెలుపు మాగ్‌పై పిట్టలన్నీ వచ్చి రెక్కలు పరిచి వంతెన కడితే ఇద్దరూ కలుసుకుంటారు. ఆ రాత్రి చినుకు పడితే అది వాళ్ల కన్నీళ్లంటారు. ఆ రోజుల్లో మాగ్‌పైల తల మీద ఈకలు ఊడి కనిపిస్తే, పాపం వంతెన కింద నలిగిపోయాయి అంటారు. ఈకలు రాల్చే కాలం అదేలెండి, అయినా వినడానికి బావుంది.

ఇలాంటి కథ దొరికితే గులాబీలు అమ్మేవాళ్లు ఊరుకుంటారా? ఓ ఇరవై పాతికేళ్లుగా నగరాల్లో చీషీ అంటే జంటల పండగే అయిపోయింది. చాక్లెట్లు, హోటల్ ఆఫర్లు, పెళ్లి రిజిస్ట్రేషన్ ఆఫీసుల ముందు క్యూలు. కథలో ప్రేమ ఉన్న మాట నిజమే గానీ పాత ఆచారాలు చూస్తే జంటలకి అందులో పెద్దగా పని లేదు. పండగంతా ఆడపిల్లలది. జిన్యూ నేతలో చెయ్యి తిరిగినది కాబట్టి పెళ్లికాని పిల్లలు ఆ రాత్రి పళ్లూ పువ్వులూ పెట్టి పూజ చేసి, మా చేతికి కూడా ఆ పనితనం ఇయ్యమని అడిగేవాళ్లు. పండగకి ఉన్న చీచ్యావ్ అనే పాత పేరు వచ్చింది ఈ అడగడం లోంచే. మొగుళ్లు, బాయ్‌ఫ్రెండ్‌లు ఈ పూజ దరిదాపుల్లో ఉండేవాళ్లు కాదు. మా గైడ్ అమ్మాయి మాత్రం బస్సెక్కిన దగ్గర్నుంచి మైకులో ‘రెండు వేల ఏళ్ల ప్రేమికుల రోజు’ అని ఒకటే పాట. హాన్ రాజుల కాలం నుంచి ఆ రాత్రి సూదుల్లో దారాలు ఎక్కించేవాళ్లన్నది నిజం, రెండు వేల ఏళ్ల మాటా అక్కడిదే. అందులోకి గులాబీ పువ్వు ఎప్పుడు దూరిందో ఆవిడే చెప్పాలి.

ఇక ఊరు. జూత్సున్ అంటే పొలాల మధ్య పల్లెటూరు అనుకుని వెళ్తే నిరాశే. తియన్‌హ జిల్లాలో, చుట్టూ పెద్ద పెద్ద భవనాలు లేచిపోయిన చోట, మధ్యలో చిక్కుకుపోయిన పాత ఊరు. పొలాలు ఎప్పుడో నగరంలో కలిసిపోయాయి. సందులు ఎంత ఇరుకంటే ఎదురుగా స్కూటర్ వస్తే మనం ఎవరింటి గుమ్మమో ఎక్కాలి, పైన కరెంటు తీగలు, కింద చెరువు, ఆ చెరువు గట్టు దాటితే బూడిదరంగు ఇటుకల పూర్వీకుల మందిరాలు. ఊళ్లో ఎక్కువమంది పాన్ ఇంటిపేరు వాళ్లు, పండగ అంతా వాళ్ల మందిరాల్లోనూ ముంగిట్లోనే. చీచ్యావ్‌కే ఒక మ్యూజియం కూడా ఉంది. దశాబ్దాల పాటు ఆగిపోయిన ఈ ఆచారాన్ని 1990ల చివర్లో ఊరి పెద్దమ్మలే మళ్లీ మొదలుపెట్టారు, 2005 నుంచి నగరం తరఫున ఏటా ఉత్సవం చేస్తున్నారు, 2011లో తియన్‌హ చీచ్యావ్ ఆచారాలు జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. చీషీ పండగ మొత్తంగా 2006లోనే ఎక్కింది. ఇంతకంటే పెద్దగా చేసేది వాయవ్యాన గాన్సు ప్రావిన్స్‌లోని షీహలో, అక్కడ ఆరో నెల ఆఖరి రాత్రి మొదలుపెట్టి ఏడు పగళ్లు, ఎనిమిది రాత్రులు ఆడపిల్లలు చేతులు పట్టుకుని పాడుతూ ఊరేగుతారట. అది ఇక్కణ్ణుంచి చాలా దూరం, నేను చూడలేదు.

మందిరం లోపలికి అడుగు పెట్టగానే మా ఆయన అన్నమాట, “ఇదేంటే, మనూళ్లో బొమ్మల కొలువులా ఉంది!” నిజంగా అంతే. పొడుగాటి బల్లలు, వాటి మీద ఎర్ర గుడ్డలు, గుడ్డల మీద వరసగా బొమ్మలు: మాగ్‌పై వంతెన మీద ఎదురెదురుగా నడిచొస్తున్న భార్యాభర్తలు, కింద పిల్లలు, ఆకాశంలోంచి చూస్తున్న ఆరుగురు అక్కలు. చుట్టూ పూలు, గొప్పగా పేర్చిన పళ్లు, ఏడు జతల బట్టలు, ఏడు టీ కప్పులు, ఏడు జతల చాప్‌స్టిక్‌లు, అన్నీ అరచేతిలో పట్టేంతే. ఏడుగురు అక్కచెల్లెళ్లలో జిన్యూ ఏడోది. గ్వాంగ్‌జౌ ఉన్న ఈ గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్ వాళ్లకి ఇది ‘ఏడో అక్క పుట్టినరోజు’, అందుకే అన్నీ ఏడేసి. మన కొలువుకీ దీనికీ తేడా ఒకటే, మనం బొమ్మలు కొనుక్కొచ్చి పెడతాం, ఇక్కడ బల్ల మీద ఉన్న ప్రతిదీ ఎవరో ఒక పెద్దమ్మ నెలల తరబడి కూచుని చేసినదే. కొనుక్కొచ్చి పెడితే ఆ పండగకి అర్థమే లేదు కదా.

ఒక్క వస్తువు గురించి వివరంగా చెప్తాను. ఒక బల్ల చివర జానెడు ఎత్తున లాంతరు ఉంది. దూరం నుంచి చూస్తే నలుపు తెలుపు చీట్ల గుడ్డ చుట్టారేమో అనిపించింది. దగ్గరికెళ్తే అవి నువ్వులు. తెల్ల నువ్వులతో నేల, నల్ల నువ్వులతో తీగలు, ఒక్కొక్క గింజా విడిగా అంటించారు. అంతకంటే నన్ను ఆపేసిన విషయం, గింజల మొనలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, ఒక వరసలో పైకి, దాని కింది వరసలో కూడా పైకే, వంపు తిరిగే చోట గింజ కూడా వంపుతో పాటు ఒరిగింది, ఎక్కడా జిగురు పైకి కారలేదు. లేసులో ఒక వరస తప్పితే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. ఇక్కడ ఒక గింజ వంకరపోతే పక్క నాలుగూ లేపాలి. పక్కనే బొటనవేలి గోరంత పూసల చెప్పులు, జత. వాటిని తిప్పి చూడాలని నా చెయ్యి లాగేసింది గానీ ముట్టుకోవద్దని బోర్డు.

బల్ల వెనక కుర్చీలో కూచున్న పెద్దమ్మకి సైగ చేశాను, వెనక్కి తిప్పి చూపించమని. ఆవిడ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, కళ్లజోడు పెట్టుకుని, పట్టకారుతో ఆ చెప్పు తీసి అట్టడుగు చూపించింది. ముడి కనపడితే ఒట్టు. దారం కొస పూస లోపలికే వెనక్కి దూర్చేశారు. నేను ఫోన్‌లో మా అమ్మ అల్లిన టేబుల్ లేసు ఫొటో తీసి చూపించాను, ఆవిడ దాన్ని పెద్దది చేసుకుని చూసి పక్క బల్ల ఆవిణ్ణి పిలిచింది, ఆవిడ ఇంకొకావిణ్ణి. ఓ సన్నటి వెదురు పుల్ల కొసని నీళ్లలో తడిపి, దాంతో నువ్వుగింజని ఎలా ఎత్తుతారో, జిగురు చుక్క ముందు పెట్టాలా గింజ ముందు పెట్టాలా, అన్నీ చేసి చూపించారు. నా చేత కూడా పెట్టించారు. నేను పెట్టిన గింజని ఆవిడ నవ్వుతూ తీసేసి తను మళ్లీ సరిగ్గా పెట్టుకుంది, అంత పట్టింపు ఉండాలి పనిలో.

“బస్సు వెళ్లిపోతోందే, రా!”

“మీరు వెళ్లి ఆపండి, నేను వస్తున్నా.”

ఇక్కడే ప్యాకేజీ మీద మొదటి ఫిర్యాదు. ఇంత సంగతి ఉన్న చోట మాకు ఇచ్చింది ముప్పావు గంట. అందులో సగం ఊరి గేటు దగ్గర గ్రూప్ ఫొటోకే పోయింది. రెండోది, గైడ్ ఉత్తరాది అమ్మాయి, పెద్దమ్మలు మాట్లాడేది ఇక్కడి ప్రాంతీయ భాష కాంటనీస్. ఆవిడకి వాళ్ల మాట అర్థం కాదు, నాకెలాగూ కాదు, చివరికి నా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ యాప్ పెట్టుకుని నేనే గైడ్‌కి చెప్పాల్సి వచ్చింది. అమ్మాయి మంచిదే, ఓపిగ్గా ఉంది, తప్పు పంపించినవాళ్లది. కాంటనీస్ ఊరికి కాంటనీస్ రాని గైడ్‌ని పంపి తలా 520 వసూలు చేయడం ఏం వ్యాపారం?

ఆ యాప్ పుణ్యమా అని తెలిసినవి కొన్ని ఉన్నాయి, ఇవేవీ ప్యాకేజీ వాళ్లు చెప్పలేదు. ఇక్కడి అసలు పూజ ఆరో రోజు రాత్రే మొదలవుతుంది, మేం వెళ్లింది ఏడో రోజు మధ్యాహ్నం, అప్పటికి సగం సందడి అయిపోయింది. వెనకటికి పెళ్లికాని పిల్లలే పూజలో కూచునేవాళ్లు, పెళ్లయిన మొదటి ఏడాది కొత్త పెళ్లికూతురు వచ్చి ఏడో అక్కకి చివరిసారి మొక్కి సెలవు తీసుకునేది, అంతటితో ఆవిడకి ఆ పండగ అయిపోయినట్టే. ఇప్పుడు ఆ నియమం చెల్లదు. పెళ్లికాని పిల్లలు ఫొటోలు తీసుకుంటున్నారు, పని చేస్తున్నది మనవలున్న పెద్దమ్మలు. ఒకావిణ్ణి మీ కోడలికి నేర్పారా అని అడిగితే చెయ్యి ఊపి నవ్వేసింది. నర్సాపురంలో అయినా అంతే లెండి, మా ఇంట్లో లేసు నాతోనే ఆగింది, నాకూ అల్లడం కంటే చూడటమే ఎక్కువ వచ్చు.

ఇంకోటి, చీషీ నీళ్లు. ఏడో రోజు తెల్లవారకముందే బావిలోంచో ఏట్లోంచో నీళ్లు పట్టి జాడీలో మూత పెట్టి దాచితే ఏళ్ల తరబడి పాడవవనీ, జ్వరానికి మందనీ గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో నమ్మకం. బూడిద గుమ్మడికాయ ముక్కలు ఆ నీళ్లలో వేసి దాచేవాళ్లూ ఉన్నారట. ఏళ్లనాటి నీళ్లు తాగమంటే నేను తాగను గానీ, ఆ జాడీ మూతకి కట్టిన ఎర్రగుడ్డ ముడి మాత్రం భలే ఉంది.

పాత రోజుల్లో చేతిపనికి పెట్టిన పరీక్షలు ఇంకా సరదాగా ఉంటాయి. రాత్రి ఒక చిన్న పెట్టెలో సాలెపురుగుని పెట్టి మూస్తారు, పొద్దున్న తెరిచి గూడు ఎంత గుండ్రంగా, ఎంత దట్టంగా అల్లిందో చూస్తారు, అల్లిక బాగుంటే ఆ పిల్లకి పనితనం వచ్చినట్టే. ఇంకోటి సూది నీడ. గిన్నెలో నీళ్లు ఎండలో పెడితే పైన సన్నటి పొర కడుతుంది, దాని మీద నెమ్మదిగా సూది వదిలితే తేలుతుంది, మధ్యాహ్నపు ఎండకి గిన్నె అడుగున పడే నీడ పువ్వులాగో మబ్బులాగో ఉంటే శుభం, ఊరికే రోకలిబండలా లావుగా పడితే ఆ పిల్ల మొద్దు. ఇంటికొచ్చాక స్టీలు గిన్నెలో చేసి చూశాను, సూది తేలింది, నీడ ఏమిటన్నది చెప్పను.

ప్యాకేజీ వాళ్ల పోటీ దీని ముందు ఎందుకూ కొరగాదు. అసలు ఆచారం ఏమిటి? చంద్రుడి వెలుగులో, ఐదు రంగుల దారం, ఏడు సూదులు, లేదా ఏడు కన్నాలున్న ఒకే సూది. ముందు ఎవరు ఎక్కిస్తే వాళ్లకి ఆ ఏడాది చేతిపని కలిసొస్తుంది. సప్తమి నాటి సగం చంద్రుడి వెలుగులో సూది కన్నం కనపడదు, వేలితో తడుముకుని ఎక్కించాలి, పరీక్ష ఉన్నది అందులోనే. వీళ్లేం చేశారంటే, ఒక షాపింగ్ మాల్ మూడో అంతస్తులో ట్యూబ్‌లైట్ల కింద, థర్మోకోల్ ముక్కలో గుచ్చిన ప్లాస్టిక్ సూదులు పెట్టారు, పిల్లల బొమ్మ సెట్లలో వస్తాయే, చిటికెన వేలు దూరేంత కన్నం ఉన్నవి. దానికి ఫోన్‌లో టైమర్. నేనే గెలిచాను, చెప్పుకోవడానికి సిగ్గేసింది. బహుమతి ఒకదాన్నొకటి కావలించుకున్న రెండు ఎలుగుబంట్ల కీచెయిన్.

బిస్కెట్ల క్లాసు కాస్త నయం. చ్యావ్‌గ్వో అంటారు వీటిని, గోధుమపిండి, చక్కెర, తేనె, నూనె కలిపి చేసేవి. కొన్ని చోట్ల నూనెలో వేయిస్తారు, షాండాంగ్ వైపు చెక్క అచ్చుల్లో ఒత్తి పెనం మీద కాల్చి దారానికి గుచ్చి పిల్లల మెళ్లో వేస్తారు. అచ్చులు మాత్రం నిజంగా పాతవాటిలా ఉన్నాయి, చేప, తామర, సీతాకోకచిలుక, పట్టుకోడానికి పొడుగాటి పిడి. పిండి అదిమి, అచ్చు బోర్లించి బల్ల అంచు మీద ఒక్క దెబ్బ వేస్తే చేప మొత్తం పొలుసులతో సహా ఊడి చేతిలో పడుతుంది. అచ్చులో పొడిపిండి సరిగ్గా దులపకపోతే తోక లోపలే ఉండిపోతుంది. పిండి కలపడం, పొంగనివ్వడం అంతా వాళ్లే ముందు చేసేశారు, మాకు మిగిలింది ఒత్తడం, కొట్టడమే. రుచి ఫర్వాలేదు, తీపి తక్కువ, మన గోరుమీటీలు తినే నాలుకకి చప్పగా ఉంటుంది. శాకాహారులు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ ప్రాంతపు బేకరీ సరుకులో పంది కొవ్వు వాడటం మామూలు. ఇందులో ఉందా అని అడిగితే అక్కడ ఎవరికీ తెలియదు, పిండి బయట నుంచి వచ్చిందన్నారు. మా ఆయన తినలేదు. ముందే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకుని వెళ్లండి.

రాత్రి టెర్రస్. ‘టెలిస్కోప్‌తో నక్షత్ర దర్శనం’ అని ఉంది పోస్టర్‌లో. టెలిస్కోప్ ఉంది. అది క్యాంటన్ టవర్ వైపు, అంటే ఊళ్లోని ఎత్తైన టవర్ వైపు తిప్పి ఉంది. జంటలు లైనులో నిలబడి టవర్ లైట్లు చూసి దిగిపోతున్నారు. ఆకాశం వైపు తిప్పరా అంటే సిటీలో నక్షత్రాలు కనపడవండీ అని జవాబు. కనపడవా? మా మామగారు పంచాంగం చూసే మనిషి, చిన్నప్పుడు డాబా మీద పడుకోబెట్టి మా ఆయనకి నక్షత్రాలు నేర్పారు. ఆగస్టు చివర్లో రాత్రి తొమ్మిదింటికి గ్వాంగ్‌జౌలో ఆ రెండు నక్షత్రాలూ దాదాపు నెత్తి మీదే ఉంటాయి, ఒకటి కాస్త ఉత్తరంగా, ఒకటి కాస్త దక్షిణంగా. జిన్యూ అంటే వేగా, న్యూలాంగ్ అంటే ఆల్టైర్. ఎంత లైట్లున్నా మబ్బు లేకపోతే మామూలు కంటికే కనిపించేంత వెలుగున్నవి. పాలపుంత మాత్రం నగరంలో కనపడదు, ఇద్దరి మధ్య నది మాయమైపోయింది కాబట్టి పిట్టలకి పని తప్పిందని మా ఆయన జోకు.

ఇక్కడ మనవాళ్లకి పనికొచ్చే విషయం ఒకటుంది. వేగా మన అభిజిత్ నక్షత్రం. ఆల్టైర్ మన శ్రవణం. శ్రావణ మాసానికి ఆ పేరు వచ్చింది పున్నమి చంద్రుడు శ్రవణం దగ్గర ఉంటాడని. శ్రవణంలో నడుమ పెద్ద చుక్క, అటూ ఇటూ చిన్న చుక్కలు, మొత్తం మూడు. మనవాళ్లు ఆ మూడింటినీ త్రివిక్రముడి మూడడుగులన్నారు, శ్రవణానికి అధిదేవత విష్ణువే. చైనావాళ్లు అదే మూడు చుక్కల్ని చూసి, నడుమ న్యూలాంగ్, అటొక బుట్టలో కొడుకు, ఇటొక బుట్టలో కూతురు అన్నారు. కావడి బద్దతో సహా సరిపోయింది చూడండి. చీషీ కూడా మామూలుగా మన శ్రావణ శుద్ధ సప్తమికి కాస్త అటూ ఇటూగానే వస్తుంది. 2025లో మాత్రం చైనా పంచాంగంలో ఆరో నెల అధికమాసంగా రెండుసార్లు రావడంతో పండగ వెనక్కి జరిగి, మన వినాయక చవితి అయిన రెండు రోజులకి, భాద్రపదంలో పడింది. ఇదంతా మా ఆయన టెర్రస్ మీద వచ్చీరాని చైనీస్‌లో పక్క జంటకి చెప్తే వాళ్లు టవర్ వదిలేసి పైకి చూడటం మొదలుపెట్టారు, వాళ్ల వెనక ఇంకో జంట. గైడ్ పిల్ల కూడా. ఆ కాసేపట్లో ప్యాకేజీకి పడిన ముప్పై మార్కుల్లో ఓ పది మా ఆయనవే.

డిన్నర్ గురించి ఎక్కువ చెప్పను. ఎర్ర లైట్ల ప్లాస్టిక్ మాగ్‌పై వంతెన, దాని మీద ఫొటోకి మళ్లీ క్యూ, ఎండిపోయిన స్టేక్, శాకాహారులకి సలాడ్, వేయించిన బంగాళదుంప ముక్కలు. ఒక్కో జంటకి ఒక్క గులాబీ, దాని డబ్బులు వేరే. గ్వాంగ్‌జౌ లాంటి తిండి ఊళ్లో, వీధి చివర బండి మీద అన్నంజావ దొరికినా అమృతంలా ఉండే ఊళ్లో, 520 యువాన్లు తీసుకుని ఆ తిండి పెట్టడానికి ధైర్యం కావాలి. పైగా తినడానికి ఇచ్చిన టైము జూత్సున్‌కి ఇచ్చినదానికంటే ఎక్కువ.

సొంతంగా వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. 2026లో చీషీ ఆగస్టు 19, బుధవారం. మీరు మాత్రం 18 సాయంత్రానికే ఊళ్లో ఉండేలా చూసుకోండి, సందడి ఆరో రోజు రాత్రిది. ప్రదర్శన పండగకి అటూ ఇటూ కొన్ని రోజులు ఉంటుంది కానీ ఏటా ఏర్పాట్లు మారుతుంటాయి, వెళ్లేముందు కనుక్కోండి. ట్యాక్సీ యాప్‌లో ఊరి పేరు చైనీస్ అక్షరాల్లోనే పెట్టండి, ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చం ఇదే స్పెల్లింగ్ ఉన్న ఇంకో జూత్సున్ నగరానికి తూర్పున జంగ్‌చంగ్ జిల్లా వైపు ఉంది, దానికి ఇరవై ఒకటో నంబర్ మెట్రో లైన్ మీద స్టేషన్ కూడా ఉంది, అక్కడ దిగితే మీకు పండగ కాదు కదా పండగ వాసన కూడా తగలదు. మనకి కావాల్సింది తియన్‌హ జిల్లాలోది.

ఉక్కపోత మాత్రం మామూలుగా ఉండదు, విజయవాడ మే నెలని గుర్తుచేసుకుని బట్టలు వేసుకోండి, సాయంత్రం ఎప్పుడైనా ఉరుములతో వాన పడొచ్చు కాబట్టి గొడుగు కూడా. ఫోన్‌లో కాంటనీస్ తెలిసిన ట్రాన్స్‌లేటర్ పెట్టుకోండి, మామూలు చైనీస్ ఒక్కటే ఉన్నది అక్కడ సగమే పనిచేస్తుంది. పెద్దమ్మలకి ఫొటో తీస్తామంటే ముందు అడగండి, అడిగితే కాదనరు. పిల్లల్ని తీసుకెళ్లండి, నువ్వులు అంటించే బల్ల దగ్గర కూచోబెడితే ఓ గంట వాళ్ల గోల ఉండదు. ఇక దగ్గరి చూపు కళ్లజోడు వాడేవాళ్లు దాన్ని ఇంట్లో మర్చిపోతే ఆ లాంతరు మీద నువ్వుల మొనలు ఎటు తిరిగాయో మీకు కనపడవు, మా ఆయనకి నేను చెప్పేదాకా అది చీట్ల గుడ్డే.